పై పీట

గురువారం సాయంత్రం ఐదు నుంచి ఏడు దాకా
మిల్లు సౌనా ఆడవాళ్ళది.
బయటి గదిలో గోడకు పదమూడు మేకులు.
మెడల్లోంచి కార్డులు తీసి తగిలిస్తాం:
ఆఫీసు వాళ్ళవి బూడిదరంగు తాళ్ళు,
యంత్రాల దగ్గరి మావి నీలం,
ఆర్నెల్ల ఒప్పందం మీద వచ్చినవాళ్ళవి ఎరుపు,
దూరం నుంచే తెలియాలని.
తర్వాత బట్టలు.
ఆ తర్వాత ఇంకేం మిగలదని మా అమ్మమ్మ అనేది.
ఆవిట్లో దొరకీ పాలేరుకీ ఒకటే చెమట, అనేది.
ఆవిడ కాగితం మిల్లులో పనిచెయ్యలేదు.

లోపల మూడు చెక్క పీటలు, మెట్లలా.
పై పీట మార్యుక్కా హియెతనెన్‌ది.
ఎవరూ రాసివ్వలేదు.
ఆమె రాకముందు అది ఖాళీగా ఉంటుంది,
ఆమె రాని వారం కూడా.
నీళ్ళ బాల్చీ, పొడుగు గరిటె ఆమె మోకాలి పక్కన.
రాళ్ళ మీద ఎప్పుడు పొయ్యాలో, ఎంత పొయ్యాలో
ఆ చేతికే తెలుసు.

మిల్లులో వేడి కింద ఉంటుంది,
ఆరబెట్టే రోలర్ల దగ్గర, మా చెవుల దగ్గర.
చల్లగాలీ, నది కనబడే కిటికీలూ నాలుగో అంతస్తులో.
ఇక్కడ తలకిందులు,
ఎంత పైకెక్కితే అంత కాలుతుంది.
అయినా పైన ఆమే.
అంతస్తంటే సుఖమేనా అని అప్పుడే అనుమానం వచ్చింది నాకు.
మరేమిటంటే చెప్పలేను.

ఆమె జోక్ వేస్తే
నవ్వు మెట్లు దిగుతుంది:
ముందు లెక్కల గది పెద్దావిడ, తర్వాత నేను,
చివర తలుపు దగ్గర క్యాంటీన్ తువోవి,
సగమే వినబడినా పూర్తిగా నవ్వేది.
అర్థం కాకముందే నేను నవ్వినవి
ఒకసారి లెక్కపెట్టబోయి ఆపేశాను.

ఫిబ్రవరిలో
ఎర్రతాడు పిల్ల వెన్లా కింది పీట మీంచి అంది:
"రెండో మెషీన్‌లో తేమ కొలత తప్పు చూపిస్తోంది."
రాళ్ళు చిటపటలాడాయి.
ఎవరో వీపు గోక్కున్నారు.
కొలతల గది నాది. విన్నాను.
తువాలు మడిచాను.

రెండు వారాల తర్వాత
అదే వాక్యం, ఒక్క మాటైనా మారకుండా,
పై పీట మీంచి దిగింది.
అందరం ఆహా అన్నాం, ముందుచూపన్నాం.
ఈలోగా నలభై టన్నుల కాగితం
తిరిగి గుజ్జులోకి పోయింది.
వెన్లా ఏమీ అనలేదు.
బర్చ్ కొమ్మతో భుజం కొట్టుకుంటూ ఉండిపోయింది,
కావలసినదానికంటే కాస్త గట్టిగా.

మంచు కరిగాక జాబితాలు వచ్చాయి.
మొదటిది మార్యుక్కా సంతకంతో, నూటపది పేర్లు,
తువోవిది పన్నెండోది.
రెండోది ఏ ఊరి సంతకమో, ఏడే పేర్లు.
అందులో మార్యుక్కా.

ఆ గురువారం రాదనుకున్నాం.
వచ్చింది. మేకుకు తగిలించడానికి ఏమీ లేక
తాడుండే చోట మెడ తడుముకుంది.
లోపలికొచ్చి తలుపు పక్కన కూర్చుంది,
తువోవి ఖాళీ చేసి వెళ్ళిన చోట.

పై పీట బోసిగా ఉంది.
బాల్చీ అక్కడే, గరిటె అందులో నిలువుగా.
రాళ్ళ మీద వేడి వృథాగా పోతోంది.
ఎనిమిది మందిమి, పదహారు చేతులు,
ఒక్కటీ లేవదు.
ఇంట్లో అయితే గరిటె నాదో మా ఆయనదో
ఎప్పుడూ గుర్తుండదు.

చివరికి నేనే లేచాను.
మధ్య పీట మీద మోకాలు ఆన్చి అందుకున్నాను.
కర్ర పిడిలో చిన్న గుంట,
ఆమె బొటనవేలు అరగదీసినది.
నా వేలు అందులో పట్టలేదు.
నీళ్ళు ముంచి, ఆగి,
కిందికి, తలుపు వైపు చూశాను.
"పొయ్యనా?"

అడిగి పొయ్యడం మాలో మర్యాదే. ఎవరైనా అడుగుతారు.
కానీ ఇంతమందిలో
నా కళ్ళు వెతికింది ఆమెనే.

ఆమె ఔననలేదు, కాదనలేదు.
గరిటెలోంచి చుక్కా చుక్కా
నా పాదం మీద పడుతున్నాయి.

ఒప్పందం ఇంకా తొమ్మిది రోజులున్న వెన్లా
వెనకనుంచి విసుక్కుంది:
"పోసెయ్యండి, చలేస్తోంది."